అర్దళం పసుపు

మట్టెవాడ గల్లీల మా ప్రెస్సు.
ఒక్క రంగు మిషిన్. నాలుగు రంగులు గావాల్నంటే
కాయితం నాలుగుసార్లు దాని కడుపులకెళ్లి దూరి రావాలె.

పరకాల దిక్కుకెళ్లి చిందు ఓదెలు కొడుకొచ్చిండు.
గుండు ఇంకా పచ్చిగనే ఉన్నది.
"ఐదువందల బొమ్మలు గావాలె, దినాల నాటికి.
నలభై ఊర్ల మిరాశి మాది, అందరికి అందాలె."
సంచిలకెళ్లి ఒక్కటే ఫొటో తీసిండు:
ఎల్లమ్మ వేషం. భుజకీర్తులు, కిరీటం,
అర్దళం పూసిన మొకం.
వేషం లేనిది ఏదన్న ఉన్నదా అంటే
ఆధార్ కార్డు చూపెట్టిండు.
అండ్ల ఎవలో భయపడ్డ ముసలాయన.

పుట్టిన తారీకు?
కార్డుల జనవరి ఒకటి.
"అది సార్లు ఏసింది. మా నాయినమ్మయితే
వాగు ఊర్లెకొచ్చిన యేడు అంటుండె."
నేను అట్లనే కంపోజు చేసిన.
జననం: వాగు ఊర్లెకొచ్చిన యేడు.
మరణం: మొన్న బుధవారం, ఆట ఇడిసే యాళ్లకు.

నడుమ లీడరు ఫోన్ జేసిండు.
మూలకు తన ఫొటో ఉండాల్నట,
కళకు తీరని లోటు అని పైన రాయాల్నట,
పైసలు తనే ఇస్తడట.
కొడుకు కొంచెంసేపు గోడ దిక్కు చూసి
"మా నాయిన పక్కన నిలవడాల్నంటే
రాత్రంత మేలుకోవాలె గద" అన్నడు.
గంతే. పదులు, ఇరువైలు,
రబ్బరుబ్యాండు ఏసిన కట్ట తెచ్చిచ్చిండు.

మొదటి ప్రూఫు మస్తు నున్నగ తీసిన.
కంప్యూటర్ల మచ్చలు తుడిచిన,
చెంపల మీది గీతలన్ని పూడ్చిన.
ఓదెలు పెండ్లాం ఐలవ్వ
కాయితాన్ని కిటికీకి పట్టి చూసింది.
"ఈయన ఇంకా ఆట మొదలువెట్టలే.
తెల్లారేసరికి అర్దళం ఎండి పగుల్తది బిడ్డా.
నూనెవెట్టి కడిగినదాన్ని నేను,
ఏ పగులు యాడుంటదో నాకెరుక లేదా?"
వేలు వెట్టి చూపెట్టింది.
ఇగో, కనుబొమ్మల నడుమ.
ఇగో, నవ్వొచ్చి ఆగే కాడ.
పగుల్లు ఒక్కొక్కటి వాపస్ తెచ్చిన.

పసుపు మాత్రం దొరకలే.
డబ్బలది నిమ్మకాయ పసుపు.
అర్దళంది రాయి పసుపు, నూరినోని చేతి పసుపు.
ఎర్ర సిరా చుక్కేస్తే నారింజైతది,
ఏయకుంటే పెండ్లికార్డైతది.
రాత్రి రెండు దాకా కలుపుతనే ఉన్న.

దినాలనాడు బంతిల పంచిండ్రట.
రేగొండల హోటలాయన పొయ్యెనుక అంటిచ్చుకున్నడు,
పొగకు అప్పుడే సగం ముసలిదైంది బొమ్మ.
ఇంకో ఊర్లె ఒక అవ్వ
దేవుని గూట్లె నిలవెట్టి బొట్టు వెట్టిందట.
గది ఎల్లమ్మనా, ఓదెలా అని అడిగితే
"ఇద్దర్ల ఎవలో ఒకలు తియ్" అన్నదట.

నా దగ్గర ఒక చెడిపోయిన షీటున్నది.
పసుపు ఇంత పక్కకు జరిగి
మొకంలకెళ్లి మొకం లేచిపోతున్నట్టు.
రద్దీల పడేసిన. మల్ల తీసిన.

రోలర్లు గ్యాసునూనెతోని మూడుసార్లు కడిగిన.
తెల్లారి కాజీపేటోల్ల పెండ్లికార్డులు ఎక్కిస్తే
వినాయకుని చెంప మీద సన్నగ అదే పసుపు.
రాత్రంత ఎతికినా దొరకనిది.

పెండ్లోల్లు చూసిండ్రు.
ఏమనలే.