నురగ

సబ్బు ప్రకటనకి నురగ తీయడం నాకు బాగా తెలుసు.
వెనకనుంచి ఒకే దీపం, ఎదురుగా నల్లటి తెర,
బుడగ అంచున వెలుగు
సన్నటి తీగలా పాకేదాకా ఊపిరి బిగబట్టడం.
దోమలూరు స్టూడియోలో పదకొండేళ్లు ఇదే పని.

చెరువు మీద పోస్టరు కావాలన్నారు.
తెల్లారగట్ల వర్తూరు కట్టమీదికి వెళ్లాను.
అక్కడా నురగే. మనిషెత్తు.
అలవాటైన చెయ్యి
సూర్యుణ్ణి నురగ వెనక్కి సర్దుకుంది.
ఎంత అందంగా వచ్చిందో!

బస్‌స్టాపులో అంటించిన రోజు
పూలబుట్ట దించి చిక్కమ్మ అడిగింది:
"ఏం సబ్బు నాయనా ఇది? రేటెంత?"

మళ్లీ వెళ్లాను.
ఈసారి మిట్టమధ్యాహ్నం,
ఫొటో తీయకూడదని మాకు నేర్పిన వెలుతురులో.
కట్టమీద గడ్డం ఆనించి పడుకుని
వైడ్ లెన్స్‌లో
గడ్డి కోసే మునివెంకటప్ప పాదాలు తీశాను.
మడమ పగుళ్లలో నురగ,
వేళ్ల సందుల్లో ఒలిచిన తోలు,
వెనకాల అగ్గిపెట్టెలంత అపార్ట్‌మెంట్లు.
అందులో ఒకటి మాది.

చిక్కమ్మ ఈసారి ఏమీ అడగలేదు.
బుట్ట ఎత్తుకోబోతూ
ఆగి
తన కాళ్లవంక చూసుకుంది.