పిక్క ఖాతా

తెల్లారకముందే నలభై టిన్నులు ఎక్కించుకుని
కవిటి దాటి జీడితోటల్లో పడతాను.
ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి కాళ్ళు పొంగాయి,
ఎవరు సోంపేట బస్సెక్కి వారానికి మూడుసార్లు
సూదులకి చెయ్యి చాపి వస్తున్నారు,
నేను అడగను.
టిన్నుల లెక్కే చెప్పేస్తుంది.

గున్నమ్మ ఇంటికి రోజు విడిచి రోజు ఒకటి.
మొన్న శనివారం రెండు దించమంది.
"సుట్టాలొచ్చారేటి పిన్నీ?"
"సుట్టం కాదు బావూ, పిల్లి."

పిల్లి పేరు పిక్క.
జీడిపిక్కల బస్తా చాటున పుట్టింది.
కాల్చిన పిక్క రంగే, వీపు వంపూ అదే.
పాలు తాగందే పిల్లి ఎలా అవుతుందని
జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళతో
గున్నమ్మ పొద్దూ మాపూ గిన్నెడు పోసింది,
తన టీలో పాలు తగ్గించుకుని మరీ.
పిక్క తాగింది, మూతి నాక్కుంది,
అరుగంతా పాడు చేసింది.

పశువులాసుపత్రి డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి
"పాలు మానెయ్యండి, ఎదిగిన పిల్లికి అరగవు.
నీళ్ళు. మంచి నీళ్ళు.
మీసాలు తగలని వెడల్పు గిన్నెలో,
తిండి పక్కన కాదు, దూరంగా.
చేపలుడికిన నీళ్ళు చల్లార్చి పోసినా సరే,
ఉప్పు మాత్రం వెయ్యకండి.
వీటికి దాహం తొందరగా తెలీదు. తాగకపోతే
ముందు పోయేవి కిడ్నీలే" అందట.

ఆ మాట దగ్గర గున్నమ్మ ఆగిపోయింది.
టిన్ను ఇంకా నా భుజం మీదే ఉంది.

ఉప్పు లేని వంట ఆ ఇంట్లో కొత్త కాదు.
లోపల మడతమంచం మీద ఢిల్లేసు బాబాయి.
తలాపిన లీటరు సీసా, దాని ఒంటి మీద పెన్నుగీతలు:
పొద్దున్న ఇంత, మాత్రలకి ఇంత, రాత్రికి ఇంత.
గీత దాటితే ఊపిరి అందదు.
ఒకే గడప లోపల
ఒకరికి నీళ్ళు దాచిపెట్టాలి,
ఒకరిని నీళ్ళకి బతిమాలాలి.

"బోరు నీళ్ళు పోయకపోయావా, జంతువే కదా"
అని నోరు జారాను.
ఆవిడ తిట్టలేదు.
"ముప్పయ్యేళ్ళు మేవూ ఆ నీలే తాగినాం.
నీలో, మందులో, ఎండో
ఎవులూ తేల్చి సెప్పనేదు.
తేలని నీలు దానికెలగ పోస్తాను బావూ?"

మందస సంతలో కొన్న మట్టిమూకుడులో
నేను దించిన టిన్ను వంచింది.
పిక్క వచ్చింది. వాసన చూసింది.
పంజా ముంచి, విదిలించి,
జమీందారు కూతురిలా వెళ్ళిపోయింది.
వెళ్ళి నా ఆటో ఎక్కి
మూత సరిగా పడని టిన్ను కింద
చుక్క,
చుక్క,
చుక్క
నాలుకతో అందుకుంటూ కూచుంది.

"ఒలే గున్నా" లోపల్నుంచి పిలుపు.
"ఆ సప్పుడు అదేనా?"
"అదే."
బాబాయి కళ్ళు మూసుకున్నాడు.
గొంతులో ముడి పైకి లేచి, దిగింది.
"తాగనీ" అన్నాడు, "బండి కదపనీకు."

ఆరోజు బొరివంక ఆలస్యంగా చేరాను,
వరసగా నాలుగిళ్ళలో తిట్లు తిన్నాను.

నెలాఖరున ప్లాంటు షావుకారు ఖాతా తిప్పుతూ
"ఈ పిక్క ఎవుడ్రా? వారానికి ఒక్క టిన్నేటి?" అన్నాడు.
కొత్త గిరాకీ అన్నాను.
తక్కువ తాగుతుంది, మనమే వెంటపడాలి.

టిన్నుకి ఇరవై. ఆవిడ ఇస్తుంది, నేను తీసుకుంటాను,
ఇందులో దయ ఏమీ లేదు.
కాకపోతే ఆ సందు మలుపు తిరిగే ముందు
ఆటో ఆపి, వెనక్కి వెళ్ళి
ఒక్క మూత కొంచెం వదులు చేస్తాను.