పదకొండు మిల్లీమీటర్లు

తరమణి స్టేషన్ గోడవారన
రైలు దుమ్ము తిని పెరిగిన కుప్పింటాకుని
సంచిలోకి పీకుతుంటే
"పూనైక్కా?" అంది ఇడ్లీబండి ఆమె. పిల్లికా అని.
ఈ వేరు వాసన తగిలితే పిల్లులు పొర్లిగింతలు పెడతాయి మరి.
కాదు, పుండుకి, అన్నాను నా వంకర తమిళంలో.
నవ్వి, రెండు మొక్కలు తనే పీకిచ్చింది.
వాళ్ళకది కుప్పైమేని, మాకు కుప్పింట.
రెండు భాషలూ దీన్ని
కుప్ప మీదే పుట్టించాయి.

నీడలో ఎండింది, మిక్సీలో నలిగింది,
మూడు రోజులు మిథనాల్‌లో నానింది.
వడకట్టి, ఆవిరి చేసి, భాగాలుగా విడదీస్తే
ఏడో సీసా అడుగున
నాచురంగు జిగురు, చింతగింజంత.

ఇక రెండొందల పదిహేడు.
మనిషికి పేరుండే ఉంటుంది, మాకు చెప్పరు.
ఫారంలో ఉన్నదింతే:
మగ, ముప్పై నాలుగు, కాలిన గాయం, ఆరో వార్డు.
కింద వరసగా మందుల పేర్లు,
ప్రతి పేరుకెదురుగా ఆర్, ఆర్, ఆర్.
లొంగదు, లొంగదు, లొంగదు.
పైనించి కిందిదాకా పద్యంలా చదివాను.
అంత్యప్రాస ఎక్కడా తప్పలేదు.
ఆఖరి గడిలో ఒక తేదీ ఉంది.
డిశ్చార్జి అన్న మాట లేదు.
ఆయన పోయాడు,
ఆయన గాయం మాత్రం బతికే ఉంది
మైనస్ ఎనభైలో, తెల్లటి పొగ కింద.

లేపాను దాన్ని.
వెచ్చటి చోటిచ్చి, మాంసపు రసం పోశాను,
చుట్టానికి చేసినట్టే.
పొద్దుటికి గొట్టం గంజిలా కలకబారింది.
దూదిపుల్లతో అగార్ మీద
ముగ్గుకి ముందు వాకిలి అలికినట్టు
అటోసారి ఇటోసారి అలికి
నాలుగు కాగితపు బిళ్ళలు పెట్టాను.
ఒకదాన్లో ఆకు, ఒకదాన్లో పనికిరాకపోయిన పాత మందు,
ఒకదాన్లో రెండూ.
నాలుగోది ఉత్త ద్రావకం,
నేను నాకే అబద్ధం చెప్పుకోకుండా.

పద్దెనిమిది గంటలు.
వేళచేరిలో మోకాలిలోతు నీళ్ళు.
నిద్ర పట్టలేదని చెప్పను. పట్టింది.

ఆకు చుట్టూ ఏమీ లేదు.
మందు చుట్టూ ఏమీ లేదు.
రెండూ కలిసినచోట
గుండ్రంగా, గాజులా, ఖాళీ.
స్కేలు పెట్టాను. పదకొండు.
అందులో బిళ్ళే ఆరు.
అటు రెండున్నర, ఇటు రెండున్నర:
సూక్ష్మజీవి మాకు వదిలిన జాగా అంతా అదే.

అంగయర్కణ్ణి మేడమ్
కళ్ళజోడు నుదుటిమీదికి తోసి
పళ్ళేన్ని వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు.
"మళ్ళీ చెయ్యి" అన్నారు. "బాగుంది" అనలేదు.

రెండోసారి పది.
మూడోసారి, వానల తర్వాత కోసిన ఆకుతో,
సున్నా.
అదే మొక్క, అదే గోడ, అదే చెయ్యి.
నోటుబుక్కులో సున్నాని దిద్ది మరీ రాశాను
తర్వాత ఎవరూ ఆరనుకోకుండా.

మళ్ళీ తరమణి.
కార్పొరేషన్ వాళ్ళు గోడ గీకి
రంగు వేసి పోయారట, మొన్నే.
స్తంభం మొదట్లో పగులులోంచి
ఒకే ఒక్క మొక్క.
నాకంటే ముందొచ్చిన పిల్లి
వేరు కోసం మట్టి తవ్వుతోంది.
సంచి కింద పెట్టి నిలబడ్డాను,
నా వంతు వచ్చేదాకా.