కావలి

పల్లావరం శుక్రవారం సంతలో
తుప్పు మేకుల పక్కన దొరికిందీ రికార్డు.
లేబుల్ మీద ఊరే మిగిలింది, కావలి.
పేరు చెదలు తింది.

పై స్థాయిలో గొంతు ఉన్నట్టుండి దూరమవుతుంది:
దొర భుజం పట్టి వెనక్కి లాగి ఉంటాడు
సూది ఎగరకుండా.
అంత దుఃఖాన్నీ మూడు నిమిషాల్లో కానిమ్మన్నారు కదా,
చరణం మధ్యలో దగ్గింది.
ఆ దగ్గూ అమ్ముడుపోయింది.
చేతికొచ్చిన డబ్బుతో
తాకట్టులోని తంబురా విడిపించుకుందో లేదో.

చింతాద్రిపేటలో వాన. కింద ఇస్త్రీ చేసే పళనియమ్మ
పెట్టె నిలబెట్టి, భాష తెలియకపోయినా,
"ఎవరది, మొగుణ్ణి అచ్చం మా అమ్మమ్మలా తిడుతోందే" అంది.

ఆఖర్న, అప్పటి అలవాటుగా,
పేరు చెప్పబోయింది.
సరిగ్గా అక్కడే గీత.
నా పేరు, నా పేరు, నా పేరు
సూదెత్తడానికి
చెయ్యి రాలేదు.