పుతు

పుతు అంటే వాళ్ళ మాటలో చిల్లు.
ఎంత పోసినా నిలవని కడుపుకి
అంతకన్నా తగిన పేరు తట్టలేదు ఎనోక్‌కి.

ఉమ్మన్నాఖ్ దీవి. ఏప్రిల్.
సముద్రం ఇంకా రాయిలాగే ఉంది.
తల్లి పళ్ళు చూపించి పాలు మాన్పించిన రోజు నుంచి
ఆ పని ముసలాయన నెత్తిన పడింది.
ఎండిన హాలిబట్ తలని గొడ్డలి మడమతో చితక్కొట్టి
గోరువెచ్చటి నీళ్ళలో నానేసి
సీల్ కొవ్వు బొటనవేలంత
(అంతే, మించితే పారుకుంటుంది)
కలిపి, కాఫీ డబ్బా మూతలో పెట్టేవాడు.
రోజుకి నాలుగుసార్లు.

పెద్దవి పదకొండు.
గొలుసులు సాగినంత మేరా ముందుకొచ్చి
తమకి రెండ్రోజులకోసారి దక్కేది
ఇది పూటపూటా నాకుతుంటే చూసేవి.
దిష్టి తగలదూ?
తగిలినా దాన్నీ తినేసేదే.

"పిల్లని పెంచుతున్నావా, కుక్కనా?"
చెక్కమెట్ల మీంచి బోలెట్టె.
"ఎవరికి ఆకలేస్తే వాళ్ళే పిల్ల" అన్నాడు,
తల తిప్పకుండా.

తక్కెడ లేదాయన దగ్గర.
పక్కటెముకల మీద వేళ్ళు ఆనించేవాడు.
కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి.
తక్కువనిపిస్తే ఇంకో తోక ముక్క.

మే నెలలో చేతితొడుగు తింది, ఎడమది.
జూన్‌లో పడవ తాడు. తాడంతా కాదు,
ఆయన కష్టపడి వేసిన ముడి మాత్రం.
రాత్రే లేని నెలల్లో భోజనవేళ ఎక్కడిది,
గుమ్మం గోకిన చప్పుడే గడియారం.

ఒకసారి మూత అడుగున
ముల్లనుకుని ఏరబోతే పాలపన్ను,
బియ్యపు నూకంత.
ముల్లు కాదని తెలిశాక కూడా
చాలాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాడు.

సూర్యుడు మళ్ళీ మునగడం మొదలెట్టిన ఆగస్టులో
పుతుకి ఆరు నెలలు నిండాయి.
ఆపైన ఏ కుక్కా ఊళ్ళో విడిగా తిరగకూడదు.
పన్నెండో మేకు బండలోకి ఎప్పుడో దిగి ఉంది.
దాన్ని చూస్తూనే
వేసవంతా ముద్దలు పెట్టాడు.

గొలుసు కుక్కకి మూత ఉండదు.
విసరడమే.
మొదటి ముక్క కాళ్ళ దగ్గర పడింది,
పుతు ముక్కని చూడలేదు, చేతిని చూసింది.
రెండోది ముక్కుకి తగిలి జారింది,
పక్కది లాక్కుపోయింది.
మూడోది
నేలని తాకలేదు.
టప్పున మూసుకున్న దవడల చప్పుడు
అచ్చం మిగతా పదకొండింటిదే.

ఎనోక్ కత్తి తుడుచుకుని ఇంటికెళ్ళాడు.
బోలెట్టె పంపిన ఉడికిన చేప ముందు కూర్చున్నాడు.
సగం తిన్నాక చూసుకుంటే
మిగతా సగం
ముళ్ళు తీసి, బొటనవేలంత ముక్కలై
కంచం అంచున ఉంది.