లబ్ధిదారుల సంఖ్య

మొదటి గడి సులువే అనుకున్నాను.
సంస్థ పేరు: గ్రే కోవ్ డయాలసిస్ వ్యాన్.
మొదలైన సంవత్సరం:
ఒడెట్ తన ఇంటి మెట్ల మీద కూలబడిన ఏడు.
అది అంకెలు మాత్రమే పట్టే గడి అంది రోడా.
కొట్టేసి, రెండువేల పదకొండు అని దిద్దాను.

తీరప్రాంత ప్రజానిధి వారిని అడుగుతున్న మొత్తం:
పదకొండు వందల అరవై డాలర్లు.
నాలుగు మంచు టైర్లు, బిగింపు కూలితో సహా.
హీటర్ కూడా అడుగుదామా?
వద్దులే. కేప్ బ్రెటన్‌లో చలి ఇవాళ కొత్తా,
దుప్పట్లున్నాయి.

మూడో పేజీలో కలం మొరాయించింది.
లబ్ధిదారుల సంఖ్య. నిరుడు: ఐదు. ఈ ఏడు: నాలుగు.
తగ్గినచో కారణము వివరింపుడు,
యాభై మాటలకు మించరాదు.

లాక్లన్ మెకాస్కిల్ మార్చిలో పోయాడు.
నాలుగు మాటలు.
ఇంకా నలభై ఆరు మిగిలాయి, ఏం పట్టించను వాటిలో?

తొంభై కిలోమీటర్ల దారిలో
ప్రతి మలుపుకీ అతను పెట్టిన పేరుంది.
ఎవరి బండి ఎక్కడ కాలవలోకి జారితే
ఆ మలుపు వాళ్లది.
నా పేరున రెండున్నాయి.
తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడరు,
రక్తం కడిగించుకొచ్చిన మనుషులు
ఉతికి పిండిన బట్టల్లా ఉంటారు.
అతనొక్కడే, తలుపు పక్క సీట్లో, కళ్లు మూసుకునే,
ఒళ్లు ఊగే తీరును బట్టి
మలుపుల పేర్లు చదివేవాడు, హాజరు వేస్తున్నట్టు.

ఆ గడిలో ఇవేవీ రాయలేదు.

వస్తురూపంలో అందిన సాయం:
బీట్‌రూట్ ఊరగాయ, పద్నాలుగు సీసాలు.
అతని పెరట్లోవి, అతని చేత్తో పట్టినవి,
మూత్రపిండాలు చెడినవాళ్లెవరూ ముట్టకూడనివి.
పద్నాలుగూ నేనే తిన్నాను.
సీసాకి ఆరు డాలర్లు కడదాం అంది రోడా.

గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.
గురువారం రాత్రి గాలికి కరెంటు పోయింది,
దానితోపాటే ఇంటర్నెట్టూ.
మధ్యాహ్నం బయల్దేరాను,
కాగితాలు రొట్టె సంచిలో చుట్టి,
అరిగిన టైర్ల మీద
టైర్ల కోసం అర్జీ పట్టుకుని.
కాసేపు నవ్వొచ్చింది.
మెకీనన్ మలుపు దగ్గర, వ్యాన్ పక్కకి నడిచినప్పుడు,
రాలేదు.

నాలుగూ యాభై రెండుకి ముద్ర పడింది.
బల్ల వెనకున్న అమ్మాయి పేజీలు తిప్పింది.
"ఈ కారణం గడిలో ఇంకా చాలా చోటుంది."
ఉంది అన్నాను.
"పాత టైర్ల ఫొటో జతచేయలేదు."
బయటే ఉన్నాయి, వస్తే చూపిస్తాను.

కోటు లేకుండానే వచ్చింది.
మంచులో మోకాళ్ల మీద కూర్చుని
గాడి ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టి చూసింది,
జ్వరం చూసినట్టు.
ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసింది, ఒక్కో చక్రానికీ ఒకటి.
ఒక ఫొటోలో నా బూటు పడింది. ఉండనీ అంది.

జవాబు ఏప్రిల్ నెలాఖరుకి వస్తుందట.
నెలాఖరుకి మా రోడ్డు మీద మంచుండదు.
ఆ సంగతి ఆమెకీ తెలుసు,
చేతులు చంకల్లో దాచుకుని
వ్యాన్ వైపు చూస్తూ నిలబడింది చాలాసేపు.

సోమవారం ఐదింటికి వ్యాన్ తీశాను.
ఒడెట్ తన సంచీని తలుపు పక్క సీట్లో పెట్టింది,
కాస్త ఆగి, తీసి ఒళ్లో పెట్టుకుంది.
దీపాల వెలుగులో ఉప్పూ మంచూ కలిసిన దారి.
నలుగురూ దుప్పట్లలో ముడుచుకున్నారు.

పొద్దు పొడవని ఆ చీకట్లో
వెనకనుంచి ఎవరో మెల్లగా నా పేరన్నారు.
ఏంటి, ఆపనా? అన్నాను.
ఎవరూ పలకలేదు.
స్టీరింగ్ నా చేతుల్లో అప్పటికే తిరుగుతోంది,
మలుపు వచ్చింది.