పెన్సిలు రాత

కల్వకుర్తి ఆఫీసుల
మా గొర్రెల కాపర్ల సొసైటీకి ఒక రిజిస్టరుంది.
అధ్యక్షుడి గడిల ఒక్క పేరే పడుతది.
పన్నెండేండ్ల సంది అది కాడమోని కురుమూర్తి పేరు.

యాసంగి కోతలైనంక
మందలు మిర్యాలగూడ దిక్కు కదులుతయి.
రోడ్డు మీద కురుమూర్తినెవ్వరూ అడగరు.
టార్చి ఊపుకుంట లారీలకెదురువోయే
ఇరవై రెండేండ్ల శ్రీశైలం చెయ్యి లేస్తే
పదకొండు మందలు ఆగుతయి.
నెత్తిన గొంగడితోని కురుమూర్తి కూడ ఆగుతడు.

వరికొయ్యల మడి కాడ
అదే శ్రీశైలానికి నోరు పెగలదు.
రాత్రికెన్ని కుంచాలని బేరమాడనీకె
పర్వతాలు కూసోవాలె.
బీడి ముట్టిచ్చి, మట్టి పిసికి చూసి,
రైతు తాతను యాది చేసి
రెండు కుంచాలు ఎక్కువనే తెస్తడు.

నీలినాలుక రోగమొచ్చిన యేడు
ఈదమ్మ చెప్పిందే చట్టం.
సొసైటీల ఆమె పేరే లేదు, పెనిమిటిది ఉంది.
"గీదాన్ని ఎడంగ కట్టుండ్రి, గీదాని మీద ఆశ ఇడువుండ్రి"
అంటుంటే మొగోళ్లు మాట్లాడకుంట తాళ్లు తెచ్చిండ్రు.

మన్ననూరు దాటి అడివిల వడ్డంక
మనిషి మాటే లేదు.
ముసలి మ్యాకపోతు గంట ఎటు మోగితె అటు.

తర్వాత కాలువొచ్చింది.
బీడంత పత్తైంది, పత్తంత వరైంది.
పదకొండు మందలు ఒక్క తాడు లెక్క నడిచే తొవ్వ
ఎవరి చెల్కల కలిసిందో ఎరుకలేదు.
మీటింగు పెట్టలే, తీర్మానం రాయలే,
ఒక ఎండకాలం చూస్తే
మూడు, మూడు, మూడు, రెండు.
సంఘం ఇగిరిపాయెననుకున్న నేను.
రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు మోగేటివి
ఏడ నీళ్లున్నయి, ఏ ఊరోళ్లు కుక్కల్ని ఉసిగొల్పిండ్రని.
గాలివానకు పర్వతాలు మంద చెదిరిన నాడు
డిండి ఒడ్డుకు నాలుగు దిక్కుల నుంచి
లైట్లు దిగొచ్చినయి.

మొన్న ఆడిటు సారొచ్చి అడిగిండు
"ఈ సంఘానికి పెద్దెవరు?"
నెలకు పన్నెండు వందల గుమాస్తాను,
"ఏ నెలల సార్?" అన్న.
ఆయన నవ్వలే.

పెన్సిలు చెక్కి కురుమూర్తి పేరే రాసిన.
సంతకానికొచ్చిన కురుమూర్తి
ఆ సన్నటి రాత దిక్కు ఒకసారి చూసి
జేబుల నుంచి ఫోను తీసి నా చేతికిచ్చిండు.
"శ్రీశైలానికి కలుస్తలేదు.
నువ్వన్న జర చూడు, రేపు ఎటు పోవాల్నో."